మిణుగురుల సమాధి: నలుగురితో కూడి చూడవలసిన చిత్రము

కదలెడు బొమ్మల చిత్రములనగానే అవి పసివారి వినోదమునకు మాత్రమేయని మనలో పెక్కుమంది తలంపు. జపాను దేశస్థులు 'ఆనిమే' యని పిలుచు ఈ చిత్రములలో వినోదమునకు కొదువలేదు. కాని యుద్ధముయొక్క చీకటిని చూపుటకు సయితము వారు ఆ కళను వినియోగించిరి. అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'మిణుగురుల సమాధి'. దీనిని తకహాతా ఇసావోగారి దర్శకత్వమున స్టూడియో జిబ్లీ వారు గీయగా, 1988 ఏప్రిల్ 16వ తేదీన జపానులో విడుదలయ్యెను. మేము పై తరగతుల విద్యార్థులతో కలసి దీనిని చూచితిమి. ఇట్టి చిత్రమును ఒంటరిగా గాక నలుగురితో కూడి యేల చూడవలెనో ఇచ్చట వివరింపదలచితిమి.

దీనికి మూలము నొసాకా అకియుకిగారు 1967లో ప్రకటించిన కథ. కోబే పట్టణముపై బాంబులు కురిసిన నాడు వారు అచ్చటి బాలురలో నొకరు. వారి చిన్న చెల్లెలు పిమ్మట తిండి చాలక మరణించెను. దర్శకులగు తకహాతాగారును తొమ్మిదేండ్ల ప్రాయమున, 1945 జూన్ 29న, ఒకాయామా పట్టణముపై జరిగిన దాడినుండి తప్పించుకొనినవారే. కావున ఈ మంటలను గీయించినవారు మంటలను కన్నులార చూచినవారు. వారు బొమ్మల అంచులకు వాడుకగా వేయు నల్లని గీతలకు మారుగా గోధుమవన్నె గీతలు వేయించిరి. చిన్నపిల్ల మాటలను నిజముగా ఒక పసిబిడ్డచే ముందుగా పలికించి, ఆ పలుకులకు తగినట్లు బొమ్మలను గీయించిరి.

కథ చిన్నది. 1945 జూన్ 5న అమెరికా వారి బి-29 విమానములు కోబేపై నిప్పుబాంబులు కురిపించెను. కర్రతోను కాగితముతోను కట్టిన ఇండ్లు క్షణములో అంటుకొనెను. 14 ఏండ్ల సెయితా, 4 ఏండ్ల సెత్సుకో అను అన్నాచెల్లెండ్రు తల్లిని కోల్పోయి, బంధువురాలగు ఒక అత్త యింట చేరిరి. నాళ్లు గడచినకొలది అన్నము తగ్గెను, సూటిపోటి మాటలు హెచ్చెను. అభిమానవంతుడగు సెయితా చెల్లెలిని తీసికొని, చెరువుగట్టున విడిచిపెట్టబడిన ఒక గుహలో కాపురము పెట్టెను. దీపము లేక మిణుగురులను పట్టి తెచ్చిరి. తెల్లవారునప్పటికి అవి చచ్చిపడియుండగా, సెత్సుకో వానిని మట్టిలో పూడ్చెను.

ఇచ్చట మా విద్యార్థులొక ప్రశ్న వేసిరి: తల్లి బ్యాంకులో దాచిన 7,000 యెన్‌లు ఉండగా వారు బియ్యమేల కొనరాదు? దీనికి ఆనాటి యేర్పాటును తెలిసికొనవలెను. 1940 మొదలు జపానులో ఇరుగుపొరుగు ఇండ్లను చిన్న చిన్న సంఘములుగా కూర్చిరి. మంటలార్పుట మొదలు రేషను పంచుట వరకు ఆ సంఘముల ద్వారానే జరుగుచుండెను. సంఘమును వీడినవానికి పైకము గలదు గాని బియ్యము లేదు. చిత్రములో ఒక రైతు ఈ సంగతి చెప్పి, అత్త యింటికి తిరిగి పొమ్మని సెయితాకు బుద్ధి చెప్పును; అతడు పోడు. యుద్ధము ఆగస్టు 15న ముగిసెను. సెత్సుకో ఆ తరువాత కన్నుమూసెను. సెయితా సెప్టెంబరు 21న సన్నోమియా రైలు స్టేషనులో స్తంభమునకు చేరగిలబడి ప్రాణము విడిచెను. బాంబు వారి తల్లిని చంపెను. పిల్లలను చంపినవి ఆకలియు, ఒంటరితనమును.

తప్పెవరిది? మాలో పెక్కుమంది అత్తను నిందించిరి. బంధువుల యింట పెరిగిన ఒక విద్యార్థిని మాత్రము లేచి, "ఆమె కుండలోని అన్నమునకు కూడ లెక్క యుండెను గదా" యనెను. గదియంతయు నిశ్శబ్దమయ్యెను. తకహాతాగారు సయితము దీనిని కేవలము యుద్ధవ్యతిరేక చిత్రమనుటకు ఒప్పుకొనలేదు. సంఘమునుండి తొలగి తామిద్దరమే బ్రతుకుదుమనుకొనిన పిల్లలు ఓడిపోవుటను చూపితినని చెప్పెడివారు. ఒంటరిగా చూచువాడు ఒక తీర్పుతో లేచిపోవును. కూడి చూచువానికి పొరుగువాని మాట అడ్డుతగిలి, మరల ఆలోచింపజేయును.

మరియొకడు ఇంకను కఠినముగా అడిగెను: "వారి తండ్రి జపాను నౌకాదళములో అధికారి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసినది ఆ నౌకాదళపు విమానములే. వారికొరకు మనమేల యేడ్వవలెను?" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. జపాను సేనలు చైనా మొదలగు దేశములలో చేసిన ఘోరములను చిత్రము చెప్పదు; ఉపాధ్యాయుడు చెప్పవలెను. అయినను సెత్సుకో ఏ విమానమును ఎవరిపైకిని పంపలేదు. ఆనాడు మన తీరమున భయపడి పరుగెత్తిన పిల్లలును, కోబేలో పరుగెత్తిన పిల్లలును ఏ యుద్ధమును కోరినవారు కారు.

ఇట్టి చిత్రమును చూపదలచువారికి కొన్ని సూచనలు. చిన్న తరగతులవారికి దీనిని చూపరాదు. పిల్లలిద్దరును మరణింతురని ముందుగానే చెప్పవలెను. సెయితా మరణమును చిత్రమే మొదట చెప్పుచున్నది. నడుమ లేచిపోగోరువానిని ఆపరాదు, ఏడ్చువానిని చూచి నవ్వనీయరాదు. ముగిసిన వెంటనే ప్రశ్నలు వేయక, కొంతసేపు మౌనముగా ఉండనిచ్చి, పిమ్మట మాటాడనీయవలెను. వీలైనయెడల చూచినవారందరును కలసి భోజనము చేయవలెను.

మేమును అట్లే చేసితిమి. ఆ రాత్రి వసతిగృహపు పంక్తిలో, ఏనాడును మూలన ఒంటరిగా కూర్చుండి తిను ఒక బాలుని ప్రక్కకు ఇద్దరు తమ కంచములు జరుపుకొనిరి. ఎవరును వారికి చెప్పలేదు.