గాలిలో గంటంబావు, నేల మీద ఆరు గంటలు



“హైదరాబాదు ఎంతసేపమ్మా, విమానమెక్కితే గంట!” అనే మాట మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళలో తరచు వినిపిస్తోంది. పిల్లల ఉద్యోగాలు అక్కడ, మన కాపురాలు ఇక్కడ అయ్యాక ఈ లెక్క ఆడవాళ్ళకీ తెలియాలి. వేళకాని వేళ ఫోను మోగి “అమ్మని ఆసుపత్రిలో చేర్చాం, బయల్దేరండి” అన్నప్పుడు మరీను.

ముందు దూరం సంగతి. పిల్లల అట్లాసు తీసి విశాఖపట్నం మీద దారం ఒక కొస, హైదరాబాదు మీద రెండో కొస పెట్టి బిగించి పట్టుకోండి. ఆ తిన్నని గీత సుమారు 510 కిలోమీటర్లు. విమానం దాదాపు అలాగే పోతుంది. రైలుకు ఆ వీలు లేదు. కోస్తా వెంబడి రాజమండ్రి మీదుగా విజయవాడ దిగి, అక్కడ మళ్ళీ వరంగల్లు వైపు తిరగాలి. అందుకే దానికి దాదాపు 700 కిలోమీటర్లు.

పైకి చేరిన విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అలాగైతే నలభై నిమిషాలు చాలాలిగదా, టికెట్టు మీద గంటంబావు ఎందుకు? అన్నం ఉడకడానికి ఇరవై నిమిషాలే గానీ, బియ్యం ఏరి, కడిగి, ఎసరు పెట్టేసరికి ఎంతవుతుంది? ఇదీ అంతే. విమానం రన్‌వే దాకా నడవాలి, మెల్లగా పైకెక్కాలి, మెల్లగా దిగాలి.

ఇక గడప నుంచి గడపకు లెక్క కట్టుదాం. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి నూటపది కిలోమీటర్లు, రెండున్నర గంటలు. తనిఖీల కోసం రెండు గంటలు ముందుండాలి. గాలిలో గంటంబావు. దిగాక సామాను కోసం అరగంట, శంషాబాదు నుంచి ఊళ్ళోకి గంటకు పైనే. మొత్తం ఏడున్నర గంటలు! విజయనగరం వారికి ఓ గంట తగ్గుతుంది. విశాఖ నుంచి సికింద్రాబాదుకు రాత్రి రైలు పన్నెండు గంటలు; 2023 జనవరిలో మొదలైన వందేభారత్ ఎనిమిదిన్నర.

విమానమే త్వరగా చేరుస్తుందని అప్పుడే తేల్చెయ్యకండి. సాయంత్రం అయిదింటికి కబురొచ్చిందనుకోండి. ఆ రాత్రి విమానంలో చోటు దొరక్కపోతే, మర్నాడు ఎనిమిదింటి విమానం మిమ్మల్ని పదకొండుకు గాని ఆసుపత్రికి చేర్చదు. రాత్రి ఎనిమిది, తొమ్మిదికి విశాఖలో రైలెక్కినవారు అప్పటికే తల్లి మంచం పక్కన ఉంటారు. అదే తెల్లవారుజామున కబురొస్తే విమానానిదే పైచెయ్యి. “ఎంతసేపు ప్రయాణం?” అని కాదు, “ఏది ముందు చేరుస్తుంది?” అని అడగాలి.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అక్కణ్ణుంచి ఎక్కితే శ్రీకాకుళం వారికి నేల మీది దారి దాదాపు సగమవుతుంది. గాలిలో సమయం మాత్రం అంతే. కాబట్టి టికెట్టు మీద విమానాశ్రయం పేరు చదివాకే బండి మాట్లాడుకోండి.

ఈ లెక్క ఓ కాగితం మీద రాసి కేలండరు పక్కన తగిలించండి. కంగారులో ఉన్నప్పుడు కూడికలు తప్పుతాయి. రాసిపెట్టిన కాగితం తప్పదు.