ఒక్క కటకము

సిరిసిల్ల చేరువనున్న బోయినపల్లి ప్రాంతమున బీడీలు చుట్టు స్త్రీలను మీరు చూచియుందురు. ఒడిలో చేట, చేటలో తునికాకు, తంబాకు. మాట మాటయే, వ్రేళ్ళ పని వ్రేళ్ళదే. లెక్క తగ్గరాదు, పని చెడరాదు. ఈ రెండు భయముల నడుమ పనిచేయు యువతుల కథను జపాను దర్శకుడు అకిరా కురొసావా 1944లో చలనచిత్రముగా తీసెను. దాని జపాను పేరునకు ‘మిక్కిలి అందముగా’ అని అర్థము.

అది రెండవ ప్రపంచయుద్ధకాలము. పురుషులు సేనలలో చేరగా కర్మాగారములలో వారి పని స్త్రీలపై బడెను. ఇంగ్లండులోను ఇట్లే జరిగెను. విమానముల కర్మాగారమున పనిచేయు యువతులను గూర్చి అచట 1943లో ‘మిలియన్స్ లైక్ అస్’ అను చిత్రము వెలువడెను.

కురొసావా చిత్రములోని యువతులు సైన్యమునకు కావలసిన కటకములు తయారుచేయుదురు. కటకమనగా సానపట్టిన గాజుబిళ్ళ. గురి కుదుర్చునది అదియే. దానియందు వెండ్రుకవాసి లోపమున్నను గురి తప్పును. ఒకనాడు ఉత్పత్తిని పెంచుడని ఆజ్ఞ వచ్చును: పురుషులు నూటికి నూరు వంతులు, స్త్రీలు ఏబది వంతులు. పని తగ్గినదని వారు సంతోషింపరు. తమ్ము సగముగా నెంచిరని నొచ్చుకొని, పురుషుల పెంపులో మూడింట రెండు వంతులు తమకిమ్మని కోరుదురు. ఒకతె జ్వరమును సైతము దాచుకొనును.

వారి నాయకురాలు వతానబె త్సురు. ఆమె మనస్సు చెదరిన వేళ సరిచూడని కటకమొకటి సరిచూచినవానిలో కలిసిపోవును. పోనిమ్మని ఊరకుండిన ఎవరికి తెలియును? ఆమె రాత్రియంతయు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, ఒక్కొక్క కటకమును మరల పరీక్షించి, దానిని వెదకి పట్టును.

ఈ నటన సహజముగా నుండుటకై కురొసావా నటీమణులను హిరాత్సుకాలోని నిజమైన కటకముల కర్మాగారమున, కార్మికుల వసతిగృహమున ఉంచి పని చేయించెను. వతానబెగా నటించిన యాగుచి యోకోను 1945లో ఆయన వివాహమాడెను.

ఇది యుద్ధప్రచారమునకై తీసిన చిత్రమని మరువరాదు. ఆ కటకములతో ఎవరిపై గురిపెట్టుదురో అది చూపదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై, కాకినాడపై బాంబులు వేసినవి జపాను విమానములే. చిత్రము మెచ్చుకొనుమన్న ప్రతిదానిని నేను మెచ్చుకొనలేను. చివర వతానబెకు తల్లి మరణవార్త వచ్చును. ఇంటికి పొమ్మని పైవారే చెప్పుదురు, ఆమె పోదు. మరల పనిబల్ల ముందు కూర్చుండును. కన్నులు నీటితో నిండును, చూపు మసకబారును. కన్నులు తుడుచుకొని కటకముపై వంగును. చిత్రము అచ్చటనే ముగియును.