ఇన్వర్టర్ కొనుగోలులో భద్రతా నిబంధనలు - వినియోగదారులకు సూచనలు

వేసవి గాలివానలకు విద్యుత్ సరఫరా నిలిచినప్పుడు గద్వాల నేతన్నల ఇళ్లలోను, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల దుకాణాలలోను ఇన్వర్టర్ నేడు అత్యవసర వస్తువుగా మారింది. అయితే ధర, వారంటీలతో పాటు భద్రతా నిబంధనలను కూడా కొనుగోలుకు ముందే పరిశీలించవలసి ఉంటుంది. అజాగ్రత్త వహించినట్లయితే ఇంటివారికే కాక, స్తంభంపై మరమ్మతు చేసే విద్యుత్ సిబ్బందికి కూడా ప్రాణాపాయం కలుగవచ్చును.

బి.ఐ.ఎస్. గుర్తు: 10 కె.వి.ఎ. వరకు సామర్థ్యం గల ఇన్వర్టర్లు భారత ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) వద్ద తప్పనిసరిగా నమోదు కావలసిన వస్తువుల జాబితాలో ఉన్నాయి. వీటికి ఐ.ఎస్. 16242 (మొదటి భాగం) ప్రమాణం వర్తిస్తుంది. పరికరంపై బి.ఐ.ఎస్. గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నదీ లేనిదీ చూడాలి. ఆ సంఖ్యను 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో సరిచూసుకోవచ్చును. గుర్తు లేని పరికరం చౌకగా లభించినా కొనరాదు.

వైరింగ్: లైసెన్సు పొందిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుచే మాత్రమే ఇన్వర్టర్‌ను అమర్చించుకోవాలి. సరఫరా నిలిచిన సమయంలో ఇన్వర్టర్ విద్యుత్తు మెయిన్ లైనులోకి ప్రవహించే అవకాశం ఎంతమాత్రం ఉండరాదు. రెండు వైపులా పిన్నులు గల తీగతో ఇన్వర్టర్ నుంచి గోడ సాకెట్‌లోకి కరెంటు ఎక్కించడం అత్యంత ప్రమాదకరం. సరఫరా లేదని భావించి తీగను తాకిన లైన్‌మన్‌కు ఆ విద్యుత్తు ప్రాణాంతకం కాగలదు. ఎర్తింగ్ తప్పనిసరి, కరెంటు లీకైన వెంటనే సరఫరాను నిలిపివేసే ఆర్.సి.సి.బి. అమర్చుకోవడం శ్రేయస్కరం.

సౌర ఇన్వర్టర్: ఇంటిపై సౌర పలకలను విద్యుత్ లైనుతో అనుసంధానించేవారు దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి, నెట్ మీటరు పొందాలి. లైనులో సరఫరా ఆగిన వెంటనే ఈ ఇన్వర్టర్ లైనుకు విద్యుత్తు పంపడం తనంతట తానే మానాలి.

బ్యాటరీ: ఛార్జింగ్ సమయంలో లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కావున దానిని గాలి ఆడే చోట, పొయ్యికి, దేవుని దీపానికి దూరంగా ఉంచాలి. 2009 అక్టోబరు వరదలలో అలంపూర్ మునిగిన అనుభవం దృష్ట్యా నదీతీర గ్రామాలవారు ఎత్తయిన దిమ్మెపై అమర్చుకోవడం మంచిది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీని చెత్తలో వేయరాదు. సేకరణ కేంద్రానికి గాని, పునర్వినియోగ సంస్థకు గాని అప్పగించాలి.

వినియోగదారులు విధిగా బిల్లు, వారంటీ కార్డు పొందాలి. విక్రయాలలో మోసంపై జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు, విద్యుత్ సరఫరా సమస్యలపై 1912కు ఫోను చేయవచ్చును.