గుండె దిటవు చేసుకోవడం ఎలా?

దుఃఖంలో ఉన్న మనిషితో ‘గుండె దిటవు చేసుకో’ అంటాం. ఎలా చేసుకోవాలో మాత్రం చెప్పం. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహన్ జీవితమంతా ఆ ‘ఎలా’ మీదే పనిచేశారు. 1961లో, 17 ఏళ్ల వయసులో ఆమె హార్ట్‌ఫర్డ్ నగరంలోని మానసిక వైద్యశాలలో చేరి, రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఆ సంగతి 2011లో గానీ లోకానికి చెప్పలేదు. అప్పటికే ఆమె రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనేక దేశాలకు చేరింది. పదేపదే తమకు తాము హాని చేసుకునే మహిళలలో ఆ ఘటనలు తగ్గాయని 1991లో వెలువడిన ఆమె అధ్యయనం చూపింది.

ఈ చికిత్సలో ఉద్వేగాలను తట్టుకునే పద్ధతులను పాఠాల్లా చెబుతారు, ఇంటిపని కూడా ఇస్తారు. చన్నీళ్ల పద్ధతే చూడండి. భయమో కోపమో పట్టలేనంతగా కమ్ముకొచ్చినప్పుడు గిన్నెడు చల్లటి నీళ్లలో, ఊపిరి బిగబట్టి, ముఖాన్ని అర నిమిషం లోపు ముంచి ఉంచాలి. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఉన్న ట్రైజెమినల్ నాడి ఆ చల్లదనాన్ని మెదడు కాండానికి చేరవేస్తుంది. అక్కడి నుంచి వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. సీల్ నీటిలో మునిగినప్పుడు ప్రాణవాయువును పొదుపు చేసే ప్రతిచర్యే ఇది, మనలోనూ ఉంది. దడ తగ్గితే ఆలోచనకు కాస్త చోటు దొరుకుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు.

ఉద్వేగానికి పేరు పెట్టడం ఇంకో పద్ధతి. కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాల ఫొటోలు చూస్తూ ఆ భావమేదో మాటల్లో గుర్తించినప్పుడు, మెదడులో భయం వంటి ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం చురుకుదనం తగ్గిందని మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో గమనించింది. ‘ఏదోలా ఉంది’ అని వదిలేయకుండా ‘అవమానంగా ఉంది’, ‘ఒంటరిగా ఉంది’ అని విడమరచి చెప్పుకోవడం ఇందుకే మేలు. మగపిల్లలకు ఈ మాటలు నేర్పకుండా ‘ఏడవకు’ అని మాత్రమే నేర్పడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

ఇవన్నీ మనసు కుదురుగా ఉన్న రోజుల్లోనే సాధన చేయాలి. దాహమేసినప్పుడు బావి తవ్వితే లాభం లేదు. చన్నీళ్లు అప్పులు తీర్చవు, పోయినవాళ్లను తిరిగి తేవు. ఆ గడియలో తొందరపడి తనకు తాను హాని చేసుకోకుండా ఆపగలిగితే వాటి పని అయినట్టే. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే సాధనతో సరిపెట్టకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.