టామీ కడుపు చల్లగా..!

ఇంట్లో కుక్కకి విరేచనాలు పట్టుకున్నాయంటే చాలు... చాలామంది మందులషాపుకి పరుగెడతారు. మెట్రోనిడజోల్ బిళ్ల తెచ్చి వేసేస్తారు. మనుషులకి పనిచేసేది దానికెందుకు పనిచెయ్యదూ అనుకుంటారు. కానీ ఆ బిళ్ల దాని పొట్టలో మంచినీ చెడునీ కలిపి ఊడ్చేస్తుందంటున్నాయి పరిశోధనలు.

కుక్క పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. ఈ సమూహమే మైక్రోబయోమ్. 2018లో 64 లాబ్రడార్, బీగిల్ కుక్కల మీద చేసిన అధ్యయనం ప్రకారం- వాటి పేగుల్లోని సూక్ష్మజీవుల జన్యువులు ఎలుక, పందుల్లోని వాటికన్నా మనిషిలోని వాటికే దగ్గరగా ఉన్నాయట!

తిని కూర్చునే రకం కాదవి. అరగని పీచుని పులియబెట్టి పేగులకి బలాన్నిచ్చే ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో 'హిరనోనిస్' అనే బ్యాక్టీరియాది మరీ ముఖ్యమైన పాత్ర. పైత్యరసంలోని ఆమ్లాలను అది మరో రూపంలోకి మారుస్తుంది. అవే హానికర క్రిములు పెచ్చుమీరకుండా అడ్డుకుంటాయి. అది తగ్గిపోతే కాపలా లేని ఇల్లే!

ఆరోగ్యంగా ఉన్న కుక్కలకి రెండు వారాలు మెట్రోనిడజోల్ ఇచ్చి చూశారు కొందరు పరిశోధకులు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, మందు ఆపి నాలుగు వారాలైనా కొన్నిటి పొట్టలో పాత పరిస్థితి పూర్తిగా తిరిగిరాలేదు. అందుకే స్వల్ప, ఓ మాదిరి విరేచనాలకి యాంటీబయోటిక్స్ వద్దని ఐరోపా పశువైద్య నిపుణులు 2024లో సూచించారు.

మంచి బ్యాక్టీరియాని అరువు తెచ్చే వైద్యమూ ఉంది. పార్వో వైరస్ సోకిన 66 కుక్కపిల్లల్లో సగానికి మామూలు చికిత్సతోపాటు ఆరోగ్యవంతమైన కుక్క మలద్రావణాన్ని పేగుల్లోకి ఎక్కించారు. 2018లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, బతికి బయటపడ్డవాటిలో ఈ వైద్యం అందినవాటికి విరేచనాలు త్వరగా తగ్గాయి. ఆసుపత్రి నుంచీ ముందే ఇంటికెళ్లాయి. ఇది డాక్టరు చెయ్యాల్సిందే తప్ప ఇంటివైద్యం కాదు.

ఇవి గుర్తుంచుకోండి

* తిండి మార్చాలంటే ఒక్కసారిగా వద్దు. వారం రోజులపాటు కొద్దికొద్దిగా పాతదానిలో కొత్తది కలపాలి.

* పెరుగన్నం మందు కాదు. పెరుగులోని బ్యాక్టీరియా వేరు, కుక్క పేగుల్లోవి వేరు.

* పొట్ట బాగోనప్పుడు ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, అన్నం కొంచెం కొంచెంగా పెట్టాలి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి.

* మలంలో రక్తం, వాంతులు, నీరసం కనిపించినా... విరేచనాలు పట్టుకున్నది చిన్న పిల్లకైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

* డాక్టరు యాంటీబయోటిక్ రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వాడాలి. మిగిలిన బిళ్లల్ని మరోసారికి దాచొద్దు.