పాత కారునకు పాత ఇంజను: కొనువారు చూడవలసినవి



నెల్లూరు సీమ తీరమున కోట వంటి యూళ్లలో, తండ్రులనాడు కొన్న అంబాసిడరు గాని ఫియట్టు గాని ఇంటి కొట్టములో నిలిచియున్నదనుకొనుడు. దాని ఇంజను చెడినప్పుడు ఇంటివారికి రెండు తలంపులు కలుగును. కారును తుక్కునకు అమ్మివేయుట యొకటి; వేఱొక పాత ఇంజనును గేరుపెట్టెను తెచ్చి బిగించుట రెండవది. ఈ రెండవ మార్గమును గూర్చియే నేడు ముచ్చటింపదలచినాను.

అంబాసిడరు కారును హిందూస్థాన్ మోటార్సు వారు వంగదేశమునందలి ఉత్తరపాడాలో 2014వ సంవత్సరము మే నెల వఱకు తయారుచేసిరి. బొంబాయి ఫియట్టు, అనగా ప్రీమియరు పద్మిని, అంతకు ముందే నిలిచిపోయెను. కావున కంపెనీనుండి కొత్త ఇంజను రాదు. ఉన్నదానిని బాగుచేయించుకొనవలెను, లేదా చెన్నపట్టణమున పుదుప్పేటలోను, బెజవాడ ఆటోనగరులోను పాత సామాను అమ్మువారి యొద్ద వెదకవలెను.

ఇందులో మొదటి ప్రశ్న, అసలు ఇంజను మార్చవలెనా యనునది. పొగ వచ్చినంతమాత్రమున ఇంజను చచ్చినట్లు కాదు. సిలిండరు అరిగినప్పుడు లేతు పనివారు దానిని కొంచెము పెద్దదిగా బోరు చేసి, అందుకు తగిన పెద్ద పిస్టనును వేయుదురు. ఈ పెంపు సాధారణముగా అంగుళములో వేయవ వంతులు పది, ఇరువది, ముప్పది, నలువది చొప్పున సాగును. పెక్కు పిస్టనుల నెత్తిమీద ఈ అంకె ముద్రింపబడియుండును. మీ ఇంజను ఇంకను ఇరువదిలోనే యున్నచో దానికి ఆయువు మిగిలియున్నదన్నమాట. కాబట్టి లేతు ఖర్చును, పాత ఇంజను వెలయు రవాణాయు బిగింపు కూలియు కలిపిన ఖర్చును ఒకే కాగితముమీద పక్కపక్కన వ్రాసి చూచుకొనుడు. ఊరుపేరు తెలియని ఇంజనుకంటె, నలువదియేండ్లుగా గుణదోషము లెఱిగిన సొంత ఇంజను పెక్కుసారులు మేలగును.

మార్చుటకే నిశ్చయించినచో, ఏ ఇంజను కావలెనో ముందుగా తెలిసికొనవలెను. అంబాసిడరులన్నియు ఒక్క తీరువి కావు. చిరకాలము వచ్చిన పెట్రోలు ఇంజను 1489 ఘనసెంటీమీటర్లది. తరువాత డీజిలు ఇంజను వచ్చినది. 1990వ దశకమున ఇసుజు నమూనాపై 1817 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, అయిదు గేర్ల పెట్టెతో వచ్చినది. ఒకదాని ఇంజనును మఱియొకదానిలో దింపబూనినచో, దిమ్మెలు, క్లచ్చి, గేరుకఱ్ఱ అమరిక, వెనుకకు పోవు షాఫ్టు పొడవు, ఇవన్నియు తేడాపడును. చౌకగా కొన్నది అమర్చుటలో ఖరీదగును. ఇంజను, క్లచ్చి, గేరుపెట్టె ఒకే కారునుండి విప్పినవి జతగా దొరకినచో అంతకంటె మేలు లేదు.

ఇక పరీక్ష. ఎద్దును కొనువారు పండ్లు చూతురు, నడిపించి చూతురు, కాడి కట్టి చూతురు. అమ్మువాని మాటను మాత్రము నమ్మరు. ఇంజనునకును ఇదియే న్యాయము.

ఇంజను కారులోనే యుండి నడుచునదైనచో, చల్లగా నున్నప్పుడే పోయి చూడుడు. ముందుగా వేడిచేసి యుంచిన ఇంజను తన దోషములను దాచును. నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నది. నల్లపొగ వచ్చినచో పెట్రోలు మిక్కుటమగుచున్నది. ఇది సులభముగా కుదురును. తెల్లని ఆవిరి ఎంతసేపటికిని ఆగక రేడియేటరులో నీరు తగ్గుచున్నచో హెడ్డు గాస్కెట్టును గాని హెడ్డును గాని అనుమానింపవలెను. ఆయిలు పోయు మూత తీసి చూచినప్పుడు పొగ దమ్ములు దమ్ములుగా వచ్చినచో రింగులు అరిగినవి. అడుగుభాగమున బరువైన దడదడ వినిపించినచో బేరింగులు పోయినవి. అట్టిదానిని బేరమాడక విడిచి రండు.

ఇంజను నేలమీద పడియున్నచో, ప్లగ్గులను బిగించియుంచి, పానాతో ముందు పుల్లీని రెండు పూర్తి చుట్లు త్రిప్పింపుడు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఈ రెండు చుట్లలో నాలుగు మారులు చేతికి సమానముగా అడ్డు తగులవలెను. ఒకచోట సుళువుగా జారిపోయినచో ఆ సిలిండరులో బిగువు లేదు. మెకానిక్కు యొద్ద కంప్రెషను మీటరున్నచో ఇంకను మేలు. సిలిండర్ల అంకెల నడుమ నూటికి పదికి మించిన తేడా యుండరాదు. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మరల కొలువుడు. అంకె పెరిగినచో రింగులది తప్పు, పెరుగనిచో వాల్వులది.

మన తీరమువారు విశేషముగా కనిపెట్టవలసినది నీటి దెబ్బ. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు తుఫానులోను చెన్నపట్టణమున కార్లు నీట మునిగినవి. అట్టి కారు ఇంజను పైకి తుడిచి రంగు వేసినచో కొత్తదానివలె కనబడును. ప్లగ్గు రంధ్రములలో దీపము పెట్టి తుప్పు చూడుడు. సంపులోని ఆయిలు పాలు కలిసినట్లున్నదా చూడుడు. బోల్టు సందులలో బురద చూడుడు. కొన్న పిదప కొట్టములో ఉంచునప్పుడును, ప్లగ్గు రంధ్రములు మూసి, సిలిండర్లలో కొంచెము ఆయిలు పోసి, అప్పుడప్పుడు చేతితో త్రిప్పుచుండుడు. ఉప్పుగాలి తెఱచిన ఇనుమును విడువదు.

గేరుపెట్టెకు నాలుక లేదు గాని దాని ఆయిలే సాక్ష్యము చెప్పును. ఆయిలు దింపించి అయస్కాంతముతో కెలకుడు. సన్నని బూడిద వంటి పొడి సహజమే. పలుకులు, పండ్లముక్కలు తగిలినచో వలదు. ప్రతి గేరును వేసి ముందు షాఫ్టును చేతితో త్రిప్పుడు. నాలుగు గేర్ల పెట్టెలో నాలుగవ గేరున ముందుది ఒక చుట్టు తిరిగిన వెనుకదియు ఒక చుట్టే తిరుగవలెను. నడుచు కారులోనైనచో, పల్లమున యాక్సిలరేటరు వదలినప్పుడు గేరు తానై ఊడి వచ్చునేమో చూడుడు.

ఇంత చూచియు కాగితము చూడనివాడు నష్టపడును. ఇంజను సంఖ్య రిజిస్ట్రేషను పుస్తకములో ఉండును. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇంజను మార్పునకు రవాణా అధికారుల అనుమతి పొంది, కొత్త సంఖ్యను పుస్తకములో ఎక్కింపవలెను. పెట్రోలు కారులో డీజిలు ఇంజను పెట్టుట ఇంకను పెద్ద మార్పు. అనుమతి లేక అట్టి పని తలపెట్టవలదు. సంఖ్య గీకివేసిన ఇంజను దొంగ సొత్తు కావచ్చును. ఊరకే ఇచ్చినను తీసికొనరాదు. అమ్మినవాని రసీదు, ఆ ఇంజను ఏ కారునుండి విప్పబడెనో ఆ కారు కాగితముల నకలు తప్పక పుచ్చుకొనుడు. ఇవి లేనిచో ప్రమాదము జరిగిననాడు బీమా సొమ్మునకు చిక్కు రావచ్చును.

మఱియొక మాట. 2021వ సంవత్సరపు కేంద్ర నిబంధనల ననుసరించి, మొదటి రిజిస్ట్రేషనునుండి ఏబదియేండ్లు దాటిన సొంత కారును వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. కాని ఛాసిస్సు, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు జరిగియుండరాదు. కాబట్టి మీ కారు అంత పాతదైనచో, లేదా త్వరలో కాబోవుచున్నచో, దాని సొంత ఇంజనును తుక్కువానికి తూచి ఇచ్చుటకు ముందు పదిమారు లాలోచింపుడు. ఒకసారి కరగిన ఇనుము మీద ఆ సంఖ్య మరల లేవదు.

చెప్పవచ్చిన దంతయు ఇంతే: ముందు సొంత ఇంజను సంగతి తేల్చుకొని, పిదప జత కుదురునది వెదకి, చేతితోను చెవితోను పరీక్షించి, కాగితము చేతికి వచ్చిన తరువాతనే డబ్బు చెల్లింపుడు. సెలవు.