గని కూలకముందే: కోలారు అనుభవం, చిగురుగుంటకు అన్వయం

వ్యాససంగ్రహం:
భూగర్భగనుల్లో పైకప్పు, గోడలు కూలడాన్ని ముందుగా గుర్తించే పద్ధతులను, వాటి పరిమితులను కోలారు, చిగురుగుంట బంగారు గనుల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం:
చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట, బిసానత్తం క్షేత్రాలు కోలారు శిలావలయానికి దక్షిణపు కొనసాగింపు. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపిన చిగురుగుంట గని 2001లో ఆ సంస్థతోపాటే మూతపడింది. తరువాత ఈ క్షేత్రాన్ని వేలంలో ఎన్.ఎం.డి.సి. దక్కించుకుంది. గని తిరిగి తెరుచుకుంటే, లోపలికి దిగే కార్మికుని తలపై ఉన్న రాయి ఎంతకాలం నిలుస్తుందో చెప్పగలమా అన్నది ఇక్కడి ప్రధానప్రశ్న.

2. రాయి ఎందుకు కూలుతుంది?
తవ్వకానికి ముందు శిలలో పైబరువు, పక్కల ఒత్తిడి సమతౌల్యంలో ఉంటాయి. రాయిని తొలగించినచోట ఆ భారం చుట్టూ ఉన్న గోడలకు, స్తంభాలకు మళ్లుతుంది. తక్కువ లోతులో పగుళ్ల వెంట బండలు ఊడిపడటం ప్రధాన ప్రమాదం. ఎక్కువ లోతులో గట్టిరాయి, తనలో నిలిచిన ఒత్తిడి ఒక్కసారిగా విడుదలై, పేలినట్లు చిట్లుతుంది. దీనిని శిలావిస్ఫోటం అనవచ్చు. మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు చేరిన కోలారులోని ఛాంపియన్ రీఫ్ గని దీనికి ప్రసిద్ధ ఉదాహరణ.

3. పసిగట్టే పద్ధతులు:
3.1 వినికిడి: కార్మికులు గడ్డపారతో పైకప్పును తట్టి వింటారు. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా మోగితే పొర విడివడిందని గ్రహిస్తారు. ఆధారంగా నిలిపిన కర్రదుంగల చిటపటలు కూడా హెచ్చరికలే.
3.2 కొలత: పైకప్పుకు, నేలకు మధ్య దూరం తగ్గుదలను, ఆధారాలపై పడే భారాన్ని పరికరాలతో నమోదు చేస్తారు. ఇక్కడ మొత్తం కదలిక కంటే దాని వేగం ముఖ్యం. రోజురోజుకూ వేగం పెరుగుతుంటే కూలుడు దగ్గరపడుతున్నట్లే.
3.3 సూక్ష్మకంపనాలు: రాయి లోపల పగుళ్లు ఏర్పడేటప్పుడు చిన్న కంపనాలు పుడతాయి. పలుచోట్ల అమర్చిన గ్రాహకాలకు అవి చేరిన సమయాల్లోని తేడాను బట్టి పగులుతున్న స్థలాన్ని గుర్తిస్తారు. కోలారులో ఈ పద్ధతిని వినియోగించారు. 1988లో జాతీయ శిలాయాంత్రిక సంస్థ అక్కడే ఏర్పడింది.

4. పరిమితులు:
కంపనాలు ప్రమాదస్థలాన్ని సూచించగలవు కాని, గడియను నిర్ణయించలేవు. కొన్ని విస్ఫోటాలు స్పష్టమైన సూచన లేకుండానే సంభవిస్తాయి. అందువల్ల అంచనా ఎన్నడూ ఆధారానికి ప్రత్యామ్నాయం కాదు. కోలారులో తవ్విన ఖాళీలకు గ్రానైటు రాళ్ల కట్టుబడి స్థానంలో కాంక్రీటు ఆధారాలను తేవడం ఈ అవగాహన ఫలితమే.

5. చిగురుగుంటకు అన్వయం:
చిగురుగుంట లోతు కోలారుతో పోల్చదగినది కాదు. కనుక ఇక్కడ విస్ఫోటం కంటే, పాత ఖాళీలు, వాటిలో నిలిచే నీరు, వదులైన బండలు ఎక్కువ ఆందోళనకరం. నీరు పగుళ్లలో చేరితే రాతిపలకల మధ్య పట్టు సడలుతుంది. నీటిని తోడేటప్పుడు ఒత్తిడి మళ్లీ మారుతుంది. పాత పటాలను సరిచూడడం, నీరు తోడకముందే కొలతలు ప్రారంభించడం, కొత్త తవ్వకానికి, పాత ఖాళీకి మధ్య తగినంత రాయిని వదలడం అవసరం.

6. ముగింపు:
పరికరం ఇచ్చే హెచ్చరికకు విలువ, దానిని విని పని ఆపగలిగినప్పుడే. డొల్లశబ్దం విన్న కార్మికుడు, వేగం పెరిగిన రేఖను చూసిన ఇంజనీరు, ఇద్దరికీ పైవారి అనుమతి కోసం ఎదురుచూడకుండా మనుషులను బయటికి పంపే అధికారం ఉండాలి. ఆ అధికారం లేనిచోట ఎంత కచ్చితమైన అంచనా అయినా ప్రమాదం తరువాత చదివే నివేదికగానే మిగులుతుంది.